మెరిసే పెంకుపై తెల్ల మచ్చ: తూర్పు కనుమల తోటల్లో కీటకాల సమీప ఛాయాచిత్రణ

అరకులోయ కాఫీ తోటలో ఒక పచ్చికాయ. దాని బొడ్డు భాగంలో గుండుసూది మొన దూరేంత రంధ్రం. కాయను చీల్చి చూస్తే గింజలో ఒకటిన్నర మిల్లీమీటర్ల పొడవున్న నల్లని పెంకు పురుగు కనిపిస్తుంది. గ్రామ వ్యవసాయ సహాయకుడు ఫోను ఫ్లాష్ వెలిగించి ఫొటో తీసి శాస్త్రవేత్తకు పంపుతాడు. ఆ ఫొటోలో నల్లని చుక్క ఒకటి, దాని నడివీపున సున్నం బొట్టు పెట్టినట్టు తెల్లని మచ్చ ఒకటి ఉంటాయి. పురుగును గుర్తించడానికి కావలసిన ఆనవాళ్లన్నీ సరిగ్గా ఆ మచ్చ కిందే దాగి ఉంటాయి.

కాఫీ కాయతొలుచు పురుగు, అంటే హైపోథెనిమస్ హాంపీ, మన దేశంలో మొదట 1990లో నీలగిరి జిల్లా గూడలూరు ప్రాంతంలో కనిపించింది. తూర్పు కనుమల గిరిజన తోటలు చాలాకాలం దానికి దూరంగానే ఉన్నాయి. 2025లో అరకులోయ మండలం చినలబుడు పంచాయతీ పరిధిలోని తోటల్లో దాని ఉనికి బయటపడడంతో అల్లూరి సీతారామరాజు జిల్లా అంతటా నిఘా అవసరమైంది. పురుగు గింజ లోపలే గుడ్లు పెట్టి, లోపలే పెరుగుతుంది కాబట్టి పైపై మందులు దానిని చేరలేవు. సోకిన కాయలను కోసి, మరిగే నీటిలో రెండు మూడు నిమిషాలు ముంచి, లోతుగా పూడ్చిపెట్టడమే ప్రధానమైన మార్గం. ఎకరమో రెండెకరాలో ఉన్న గిరిజన రైతుకు కాయలు కోసి పూడ్చడమంటే ఆ ఏటి రాబడిని పూడ్చడమే. కాని పురుగును అవునని పొరబడితే ఆ నష్టం అకారణంగా జరుగుతుంది; అవునన్నదానిని కాదని వదిలేస్తే పక్క తోటలకు ఆ రుతువంతా గడువు ఇచ్చినట్లవుతుంది. ఫొటో ఎన్నడూ తుది నిర్ధారణ కాదు, నమూనాయే తుది సాక్ష్యం. అయినా ముందుగా ఏ ఊరికి పరుగెత్తాలో తేల్చేది చాలాసార్లు ఫొటోయే.

ఏ ఆనవాళ్లు కనబడాలి

హాంపీ ఆడ పురుగు ముదురు గోధుమ రంగు నుంచి నలుపు వరకు ఉంటుంది. పైనుంచి చూస్తే తల వక్షపు కవచం కిందికి ఒదిగిపోయి కనబడదు. ఆ కవచపు ముందు భాగం ఆకురాయిలా గరుకుగా ఉండి, ముందంచున సన్నని పళ్లు పొడుచుకు వచ్చి ఉంటాయి. గట్టి ముందు రెక్కలపై వెనక్కి వంగిన చిన్న చిన్న రోమాలు వరుసలు తీరి ఉంటాయి. కాఫీ కొమ్మలను తొలిచే జైలోశాండ్రస్ కాంపాక్టస్ కూడా దాదాపు ఇంతే పరిమాణంలో, నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. అది కొమ్మల్లో సొరంగం చేసి శిలీంధ్రాన్ని పెంచుకొనే జాతి. కాయ దాని ఇల్లు కాదు. పురుగు ఎక్కడ దొరికిందో తెలియకుండా ఒక్క నల్లని చుక్క ఫొటో మాత్రమే చేతికి వస్తే ఈ రెండింటి మధ్య తేడా చెప్పడానికి రోమాల వరుస, కవచపు గరుకుదనం, రెక్కల చివరి వాలు కనబడాలి. ఫ్లాష్ మచ్చ ముందుగా మింగేది వీటినే.

ఇదే చిక్కు ఇతర కీటకాలతోనూ ఉంటుంది. నల్లని అక్షింతల పురుగుపై పడిన రెండు మెరుపులు ఫొటోలో రెండు తెల్ల చుక్కలుగా నిలిచిపోతాయి. చుక్కల లెక్కతో జాతిని గుర్తించడం అప్పుడే నేర్చుకుంటున్న విద్యార్థి ఆ రెండింటినీ కలిపి లెక్కపెడితే తప్పు అతనిది కాదు.

ఫ్లాష్ లేకుండానే తీయవచ్చు గదా అన్న ప్రశ్న సహజం. మైదాన ప్రాంతపు వరి పొలంలో అది సాధ్యమే. ఈ కొండల్లో కాఫీ సిల్వర్ ఓక్, పనస వంటి చెట్ల నీడలో, మిరియాల తీగల మధ్య పెరుగుతుంది. నడి పగలు కూడా ఆ నీడ చిక్కగానే ఉంటుంది. దానికి తోడు మంచు, మబ్బు. పురుగును దాని అసలు పరిమాణమంత పెద్దదిగా సెన్సారుపై పట్టడానికి లెన్సు ద్వారాన్ని బాగా చిన్నది చేయాలి. అప్పుడు సహజ కాంతికి కావలసిన వ్యవధిలో ఆకు కదలక మానదు, చేయి వణకక మానదు. తక్కువ శక్తితో వెలిగిన ఫ్లాష్ వెలుగు సెకనులో వేల వంతు కాలమే ఉండి కదలికను నిలబెడుతుంది. కాబట్టి ఫ్లాష్‌ను మానుకోవడం కంటె దానిని మచ్చిక చేసుకోవడమే దారి.

వీపు ఒక దర్పణం

పెంకు పురుగు వీపు చిన్న కుంభాకార దర్పణం. దానిపై కనిపించే తెల్ల మచ్చ వేరే ఏదో కాదు, ఫ్లాష్ దీపపు ప్రతిబింబమే. ఈ ఒక్క మాట మనసులో నిలిస్తే తక్కిన పద్ధతులన్నీ దాని నుంచే వస్తాయి.

కీటకపు పైపొర వక్రీభవన గుణకం సుమారు 1.56. గాలిలోంచి నిట్టనిలువుగా పడిన కాంతిలో దాదాపు 5 శాతం ఆ నున్నని తలం నుంచే క్రమ పరావర్తనం చెంది దీపపు రంగుతోనే వెనుదిరుగుతుంది. మిగిలినది పెంకులోకి చొచ్చుకుపోయి, కొంత శోషణం చెంది, కొంత చెదరి బయటకు వస్తుంది. రంగు, గరుకుదనం, రోమాల నీడ అన్నీ ఈ రెండో కాంతే మోసుకువస్తుంది. నల్లని పురుగులో ఈ రెండో కాంతి అత్యల్పం. అందుచేత తెల్లని పురుగుపై అంతగా పట్టించుకోని మెరుపే నల్లని పురుగుపై మొత్తం బొమ్మను చెరుపుతుంది.

ప్రతిబింబం ఎంత ప్రకాశంగా ఉంటుందన్నది దీపపు తలం ఎంత ప్రకాశంగా ఉందన్న దానిపై ఆధారపడుతుంది. పురుగుపై పడే మొత్తం వెలుగు మాత్రం దీపపు ప్రకాశంతో పాటు, పురుగు వద్ద దీపం ఎంత ఘనకోణాన్ని ఆక్రమించిందన్న దానిపై కూడా ఆధారపడుతుంది. అంటే దీపాన్ని పెద్దది చేసి దగ్గరకు తెస్తే, పురుగుపై అంతే వెలుగు పడుతూ ఉండగానే మచ్చ తీవ్రత తగ్గుతుంది. లెక్క వేసి చూడవచ్చు. 6 సెం.మీ. వెడల్పు, 4 సెం.మీ. ఎత్తు ముఖమున్న ఫ్లాష్ 30 సెం.మీ. దూరంలో ఉందనుకుందాం. దాని స్థానంలో 12 సెం.మీ. భుజంగల చతురస్రాకారపు పారభాసక తెరను 10 సెం.మీ. దూరంలో నిలిపి వెనుకనుంచి ఫ్లాష్ వెలిగిస్తే, పురుగుకు కనిపించే దీపపు ఘనకోణం దాదాపు 40 రెట్లవుతుంది. పురుగుపై పడే వెలుగు మారకుండా మచ్చ ప్రకాశం నలభయ్యో వంతుకు, అంటే ఛాయాచిత్రకారుల లెక్కలో ఐదు స్టాపులకు పైగా దిగిపోతుంది. మచ్చ మాయం కాదు, వ్యాపిస్తుంది. వీపు మీద ఒక పెద్ద లేత వెలుగు పరచుకొని, దాని గుండా రోమాలు కనబడతాయి.

ఫ్లాష్ తలకు తొడిగే చిన్న తెల్లని ప్లాస్టిక్ టోపీ ఎందుకు పనిచేయదో కూడా ఈ లెక్కే చెబుతుంది. అది దీపమంత పరిమాణమే ఉండి, దీపమంత దూరంలోనే ఉంటుంది. గదిలో గోడలకు, పైకప్పుకు వెలుగు చిమ్మి తిరిగి రావడానికి అది ఉపయోగం. తోటలో తిరిగి రావడానికి గోడలేవీ? లెన్సు చుట్టూ బిగించే వలయాకారపు ఫ్లాష్ కూడా నిగనిగలాడే పురుగులకు పనికిరాదు. దాని ప్రతిబింబం వీపు మీద గారె ఆకారంలో పడుతుంది.

తెర కట్టే విధానం

కొనుగోలు డిఫ్యూజర్లు ఉన్నా, చేతితో కట్టినదే చాలాసార్లు మేలు. డ్రాయింగుకు వాడే ట్రేసింగ్ కాగితం, టీవీ పెట్టెల్లో చుట్టి వచ్చే పలుచని తెల్లటి ఫోము పొర, పాలరంగు ప్లాస్టిక్ మూత, వీటిలో ఏదైనా సరే. అరకు తేమలో ట్రేసింగ్ కాగితం మధ్యాహ్నానికే ముడతలు పడుతుంది కాబట్టి తోటలోకి ఫోము పొర, ప్రయోగశాలలో కాగితం అనుకోవడం మంచిది.

ఒక్క పొర చాలదు. ఫ్లాష్‌కు ఎదురుగా ఉన్న చోట అది మండిపోతూ, అంచుల్లో మసకగా ఉంటుంది. అప్పుడు పురుగు వీపుపై పడేది ఆ నడిమి వేడిచుక్క ప్రతిబింబమే. రెండు పొరలు వేసి, వాటి మధ్య రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ వదిలితే మొదటి పొర చెదరగొట్టిన వెలుగు రెండోదానిపై సమంగా పరచుకుంటుంది. పైన చెప్పిన నలభై రెట్ల లెక్క నిజం కావడానికి ఈ సమత్వమే షరతు. సరిగా ఉన్నదో లేదో తెలుసుకోవడం సులువు: పురుగు ఉండే చోట ఒక చిన్న నల్లని గాజు పూసను పెట్టి ఫొటో తీయాలి. పూసలో కనబడేది తెర రూపమే. నడిమి వేడిచుక్క ఉంటే పూస దాచదు.

తెరను బల్లపరుపుగా కాక గూడుబండి కప్పులా వంచి, పురుగుకు పైన, రెండు పక్కలా దిగేలా కట్టాలి. లెన్సు దూరడానికి ముందువైపు చోటు వదలాలి. నూరు మిల్లీమీటర్ల మాక్రో లెన్సుతో అసలు పరిమాణంలో తీసేటప్పుడు లెన్సు మొనకు, పురుగుకు మధ్య ఒక జానెడు కంటె తక్కువ దూరమే ఉంటుంది. కప్పు అంచు లెన్సును దాటి పురుగు మీదికి వచ్చి ఉండాలి. చాలామంది కప్పును లెన్సు వెనుకనే నిలిపి, తెర కట్టినా మెరుపు తగ్గలేదని వాపోతారు. దూరమే అక్కడి లోపం. కింద ఒక తెల్ల కాగితపు ముక్క పరిస్తే కాళ్ల కిందికి కూడా వెలుగు తిరిగి వస్తుంది. మిల్లీమీటరు గళ్ల గ్రాఫు కాగితమైతే కొలబద్ద కూడా అదే అవుతుంది. అయితే తెల్లని నేపథ్యం కెమెరాను మోసగించి పురుగును మసిబొగ్గు చేస్తుంది. అందువల్ల ఫ్లాష్‌ను చేతి నియంత్రణలో ఉంచి, మొదటి ఫొటో చూసి సవరించుకోవాలి. ఐఎస్ఓ 200, ద్వారం ఎఫ్ 11, ఫ్లాష్ శక్తి పదహారవ వంతు అన్నది మొదలుపెట్టడానికి అనువైన స్థానం. తెర మింగే వెలుగును బట్టి అక్కడి నుంచి కదలాలి. ద్వారాన్ని ఇంకా చిన్నది చేస్తే లోతు పెరుగుతుందన్న ఆశ పనికిరాదు. అసలు పరిమాణంలో తీసినప్పుడు ఎఫ్ 11 ప్రభావంలో ఎఫ్ 22 అవుతుంది. ఆపైన వివర్తనం రోమాలనే కరిగించివేస్తుంది.

మెరుపు పూర్తిగా పోదు. కాబట్టి అది ఎక్కడ పడాలో నిర్ణయించుకోవాలి. కుంభాకార తలంపై దీపాన్ని 20 డిగ్రీలు జరిపితే మచ్చ 10 డిగ్రీలే జరుగుతుంది. కెమెరాను కదపకుండా, వెలుగును ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి ఇచ్చి రెండు ఫొటోలు తీస్తే ఒకదానిలో దాగినది మరొకదానిలో బయటపడుతుంది. విస్తరణ సిబ్బందికి ఒకే ఒక్క పద్ధతి నేర్పగలిగితే నేర్పవలసినది ఇదే. దీనికి పైసా ఖర్చు లేదు.

ఫోను మాత్రమే ఉన్నప్పుడు

ఫోనులో ఫ్లాష్ దీపం లెన్సు పక్కనే, మిరియపు గింజంత పరిమాణంలో ఉంటుంది. మచ్చకు ఇంతకంటె అనువైన ఏర్పాటు ఉండదు. మొదట దానిని ఆపాలి. తరువాత అచ్చు బొమ్మలేవీ లేని తెల్లని కాగితపు టీకప్పును తీసుకొని, అడుగున ఫోనుకు బిగించిన మాక్రో లెన్సు పట్టేంత రంధ్రం చేసి, లెన్సు పని దూరానికి సరిపడా కప్పు అంచును కత్తిరించాలి. పురుగుపై కప్పును బోర్లించి, పై రంధ్రం గుండా ఫొటో తీస్తే కప్పు గోడే చుట్టూ పరచుకున్న దీపమవుతుంది. ఎండ ఉన్నచోటికి తెస్తే ఆ వెలుగు చాలు. నీడలో అయితే తోటివారి ఫోను టార్చిని కప్పు గోడకు బయటినుంచి ఆనించాలి. రంగుల అచ్చున్న కప్పు నల్లని పురుగుకు కూడా ఆ రంగు పూస్తుందని మరువరాదు.

తెరపై పురుగును తాకి దృష్టి నిలిపాక వెలుగు గీతను కాస్త కిందికి జరపాలి. తెల్లగా కాలిపోయిన చోట సమాచారం అసలే ఉండదు, తరువాత ఏ సాఫ్ట్‌వేరూ దానిని తేలేదు. చీకటిగా ఉన్న చోట కొంతైనా మిగులుతుంది. ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించుకుపోయి రోమాల వరుస మొదట చెడుతుంది. పత్రం రూపంలో పంపాలి. ఇంకొక జాగ్రత్త. కొన్ని ఫోనులు ఫొటోకు తమంతట తామే పదును పెడతాయి, లేని అంచులను ఊహించి గీస్తాయి. అలంకారం కోసం తీసిన బొమ్మలో అది ముచ్చట. పురుగు గుర్తింపులో అది కూటసాక్ష్యం. తెల్ల మచ్చను పక్కనున్న నలుపుతో పూసి కప్పిపుచ్చడం కూడా అంతే.

ధ్రువణం: నలుపుకు మందు, బంగారానికి విషం

ప్రయోగశాలలో నమూనాను తీసేటప్పుడు మెరుపును దాదాపు పూర్తిగా తుడిచే ఉపాయం ఒకటి ఉంది. ఫ్లాష్ ముందు ఒక రేఖీయ ధ్రువణ ఫలకాన్ని, లెన్సు ముందు దానికి లంబ దిశలో మరొకదానిని ఉంచాలి. నున్నని తలం నుంచి నేరుగా తిరిగివచ్చిన కాంతి తన ధ్రువణాన్ని నిలుపుకుంటుంది కాబట్టి లెన్సు ముందున్న ఫలకం దానిని ఆపివేస్తుంది. పెంకులోకి వెళ్లి చెదరి వచ్చిన కాంతి ధ్రువణాన్ని పోగొట్టుకొని ఉంటుంది కాబట్టి దానిలో సగం లోనికి వస్తుంది. రంగు, గరుకుదనం మాత్రమే మిగిలి మెరుపు పోతుంది. ఇక్కడ తరచు జరిగే పొరపాటు ఫలకాన్ని తెరకు వెనుక పెట్టడం. తెర ధ్రువణాన్ని చెదరగొడుతుంది. అందుచేత వరుస ఎప్పుడూ ఫ్లాష్, తెర, ఆపైన ఫలకం. మొత్తం మీద రెండున్నర నుంచి మూడు స్టాపుల వెలుగు నష్టమవుతుంది, ఆ మేరకు ఫ్లాష్ శక్తి పెంచుకోవాలి. లెన్సుకు మాత్రమే ఫలకం పెట్టి, ఫ్లాష్‌కు పెట్టకపోతే లాభం కొద్దిపాటిదే. అది తలానికి సుమారు 57 డిగ్రీల పతన కోణం వద్ద వచ్చే ప్రతిఫలనాన్ని మాత్రమే బాగా అణచగలదు. గుండ్రని వీపుపై అన్ని కోణాలూ ఉంటాయి.

ఈ ఉపాయాన్ని మెరిసే ప్రతి పురుగుకూ వర్తింపజేయరాదు. ఆకుపచ్చగా, రాగిరంగుగా మెరిసే జీరంగుల వంటి పెంకు పురుగుల వన్నె వర్ణకం వల్ల వచ్చింది కాదు. పెంకు పైపొరలోని అతి పలుచని పొరల దొంతర కొన్ని తరంగదైర్ఘ్యాలను మాత్రమే వెనక్కి పంపడం వల్ల పుట్టింది. అంటే అక్కడ ప్రతిఫలనమే రంగు. ధ్రువణ ఫలకాలను లంబంగా పెడితే మెరుపుతో పాటు వన్నె కూడా పోయి, బంగారు పురుగు బొగ్గు ముక్కలా మిగులుతుంది. కొన్ని పేడ పురుగు బంధువుల పెంకు ఇంకా విచిత్రమైనది. బంగారు వన్నెగల ఒక పెంకు పురుగు నుంచి ప్రతిఫలించిన కాంతి వృత్తాకార ధ్రువణం పొందుతుందని భౌతిక శాస్త్రవేత్త ఆల్బర్ట్ మైకెల్సన్ 1911లోనే గమనించాడు. అలాంటి పురుగుల ముందు రేఖీయ ఫలకాల లెక్క తప్పుతుంది. వీటన్నిటికీ పెద్ద తెర, దగ్గరి తెర ఒక్కటే శరణ్యం. చుట్టూ తెల్లగా ఉంటే వీపంతా రంగు పలుకుతుంది. చుట్టూ చీకటిగా ఉంటే అక్కడక్కడ మాత్రమే వెలుగుతుంది.

చిలగడదుంప ఆకులపై కనిపించే బంగారు తాబేలు పురుగుల విషయంలో మరొక తొందర ఉంది. చనిపోయి తేమ ఆరిపోయాక ఆ బంగారం నిలవదు. వాటిని ప్రాణంతో ఉండగానే తీయాలి. చలికాలపు తెల్లవారుజామున లంబసింగి, అరకు ప్రాంతాల చలికి కీటకాలు కదలలేక ఆకుకు అతుక్కొని ఉంటాయి. ఓపికగా తెర అమర్చుకోవడానికి అది మంచి సమయం. అయితే ప్రతి మంచు బిందువూ మరొక దర్పణమే. మంచు పొగలో ఫ్లాష్ వెలిగిస్తే ఆ పొగే తెల్లగా వెలిగి బొమ్మను కప్పుతుంది. పొద్దెక్కి మంచు విడిన తరువాతి అరగంట అన్నిటికంటె అనుకూలం.

మద్యసారంలో ముంచి తీయడం

కాయతొలుచు పురుగు వంటి అతి చిన్న నమూనాకు మరొక సులువైన మార్గం ఉంది. తలం నుంచి ప్రతిఫలించే కాంతి పాలు పెంకుకు, దాని చుట్టూ ఉన్న పదార్థానికి మధ్య గల వక్రీభవన గుణకాల తేడాపై ఆధారపడుతుంది. గాలిలో అది దాదాపు 5 శాతం. ఇథనాల్ గుణకం సుమారు 1.36 కాబట్టి అందులో ముంచిన పెంకు నుంచి వచ్చేది అర శాతమే. ఖరీదైన పరికరమేదీ లేకుండానే మెరుపు పదో వంతుకు తగ్గింది. అయితే ఇప్పుడు ద్రవపు పైతలమే కొత్త దర్పణమవుతుంది. దానిపై గాజు స్లైడును కప్పి, వెలుగును పక్కల నుంచి వాలుగా ఇస్తే ఆ ప్రతిబింబం లెన్సులోకి రాదు. నమూనా తేలిపోతూ తిరుగుతుంటే పారదర్శకమైన చేతిశుద్ధి జెల్ చుక్కలో నిలపవచ్చు, బుడగలు లేకుండా చూసుకోవాలి. గాలిలో తీయదలిస్తే మాత్రం మద్యసారం నుంచి తీసిన పురుగును వడపోత కాగితంపై పూర్తిగా ఆరనివ్వాలి. తడి పొర ఎండిన పెంకు కంటె నున్నగా మెరుస్తుంది, రోమాలను వీపుకు అంటించివేస్తుంది.

మద్యసారం మాట ఎత్తడానికి ఇంకొక కారణం కూడా ఉంది. మంచి ఫొటో కోసం పురుగున్న కాయలను జేబులో వేసుకొని మరో ఊరికి, మరో మండలానికి మోసుకుపోవడం ఎట్టి పరిస్థితిలోనూ తగదు. అనుమానిత కాయను ఆ తోటలోనే చీల్చి, పురుగును అక్కడే 70 శాతం మద్యసారం ఉన్న సీసాలో వేసి మూత బిగించాలి. చీల్చిన కాయ ముక్కలు, వాటిలోని గుడ్లు, పిల్ల పురుగులు కూడా అదే సీసాలోకి పోవాలి.

శాస్త్రవేత్తకు పంపవలసినవి ఒక్క పురుగు ఫొటో కాదు, నాలుగు ఫొటోలు. కాయ బొడ్డు వద్ద రంధ్రం కనబడేది ఒకటి. చీల్చిన కాయలో పురుగు ఉన్న చోటు ఒకటి. గ్రాఫు కాగితంపై పురుగు పైనుంచి, పక్కనుంచి రెండు. వెలుగు దిశ మార్చి తీసిన జతలు వీటికి అదనం. సీసాలో పెన్సిలుతో రాసిన చీటీ ఉండాలి: తేదీ, గ్రామం, తోట స్థానం, కాఫీ రకం, నీడ చెట్టు, కాయ కొమ్మన ఉన్నదా నేలన దొరికిందా అన్న వివరం. సిరాతో రాస్తే మద్యసారంలో ఆ అక్షరాలు తోటకు తిరుగు ప్రయాణం పూర్తికాకముందే కరిగిపోతాయి.